దగ్గు వినబడని రాత్రి

ఇన్‌స్పెక్టర్ గదిలో అడుగుపెట్టేసరికి పెద్దాయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు.

మోకాళ్ళ మీద ఉన్ని దుప్పటి. ఒళ్ళో కళ్ళజోడు. తల కొంచెం పక్కకి వాలింది. చూస్తే కునుకు తీస్తున్నట్టుంది తప్ప పోయిన మనిషిలా లేడు. బుగ్గలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నెల్లాళ్ళు ఆసుపత్రిలో పడి, నిన్ననే ఇంటికొచ్చిన మనిషికి అంత రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ రంగే ఆమెకి నచ్చలేదు.

"ఏం ముట్టుకున్నారు?" అంది.

"ఏమీ ముట్టుకోలేదమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "కిటికీ మాత్రం మేమొచ్చేసరికే బార్లా తెరిచి ఉంది. కొడుకు తెరిచాడట. పొద్దున లేపడానికి వచ్చి చూస్తే ఇలా ఉన్నాడని ఫోన్ చేసిందీ అతనే."

హెడ్ కానిస్టేబుల్ రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి. స్టేషన్‌లో అందరికీ బాబాయే. ఇన్‌స్పెక్టర్ కూడా అలాగే పిలుస్తుంది.

తెరిచిన కిటికీలోంచి చలిగాలి రివ్వున కొడుతోంది. ఆమె కోటు మెడ పైకి లాక్కుని కిందికి చూసింది.

వీధి వీధంతా పాత ఇళ్ళు. రక్షిత కట్టడాలు. గోడకి రంగు మార్చాలన్నా అర్జీ పెట్టుకోవాలి. కిటికీ చెక్క పుచ్చిపోతే అదే రకం చెక్కతో, అదే కొలతతో, అదే నమూనాలో కొత్తది చేయించాలి. అల్యూమినియం మాటెత్తకూడదు. ఆ రూలు రావడానికి సగం కారణం కుర్చీలో ఉన్న ఈ పెద్దాయనే. బళ్ళో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో ఉన్న ప్రతి కిటికీకీ బొమ్మ గీసి, ఆ బొమ్మలు చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. వెనకాల అందరూ 'కిటికీల మాస్టారు' అనేవాళ్ళు. ఎదురుగా అన్నా ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పోలీస్ డాక్టర్ లేచి చేతులు దులుపుకున్నాడు.

"కార్బన్ మోనాక్సైడ్ అని నా అనుమానం. నిప్పు సరిగ్గా మండకపోతే వచ్చే విషవాయువు. రంగుండదు, వాసనుండదు. నిద్రలోనే తీసుకుపోతుంది. బుగ్గలకి ఆ ఎరుపు దాని గుర్తే."

"ఎన్నింటికి?"

"తెల్లవారుజామున. ఒళ్ళింకా పూర్తిగా బిగుసుకోలేదు. మిగతాది పోస్ట్‌మార్టంలో తేలుతుంది."

గది మూలన పాత ఇనప పొయ్యి ఉంది. బొగ్గు వేసేది. దాని మీదినుంచి లావుపాటి పొగగొట్టం లేచి, వంపు తిరిగి గోడలోకి పోయింది. వంపు దగ్గర మసి దులపడానికి చిన్న మూత. బాబాయ్ మూత తీసి లోపల చెయ్యి పెట్టాడు.

"అమ్మా!"

చేతిలోకి ఒక గుడ్డ వచ్చింది. నీలం గళ్ళ తువ్వాలు. ఉండచుట్టి, గట్టిగా దోపి ఉంది. పక్కలకి మసి కొట్టుకుపోయి ఉంది.



"నేనే పెట్టాను."

గుమ్మంలో కొడుకు. నలభై దాటినవాడు. భుజాలు గుమ్మానికి సరిపోయేలా ఉన్నాయి గానీ మనిషి మాత్రం కుంచించుకుపోయి ఉన్నాడు.

"గాలి ఎదురు కొట్టి పొగ గదిలోకి వస్తోందని దోపాను. తియ్యడం మర్చిపోయాను. నా వల్లే పోయాడు."

మెట్ల మీద పరుగు చప్పుడు. కొడుకుని తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. బస్ డిపో యూనిఫారం, మెళ్ళో ఐడీ కార్డు. కూతురు. రాత్రి డ్యూటీలో ఉండగా కబురు అందింది. ఆమె ఎవరి వంకా చూడలేదు. తిన్నగా కుర్చీ దగ్గరికి వెళ్ళి, జారిన దుప్పటిని తండ్రి మోకాళ్ళ మీదికి లాగింది. అంచులు రెండువైపులా దోపింది. ఆ తర్వాత బాబాయ్ చేతిలో గుడ్డ చూసింది.

"ఏంటది?"



"చిట్టీ," అన్నాడు కొడుకు.

"నన్నలా పిలవకు." ఆమె గొంతు పైకి లేవలేదు. "ఒక్క రాత్రి. ఒక్కటంటే ఒక్క రాత్రి నీకు అప్పజెప్పి వెళ్ళాను."

"మర్చిపోయానమ్మా..."

"మర్చిపోలేదు." ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "రాసుకోండి మేడమ్. ఈ మనిషికి ఈ ఇల్లంటే మొదట్నుంచీ పడదు. కొత్త ఫ్లాట్‌కి మారిపొమ్మని నాన్నని పోరి పోరి చంపాడు. నాన్న ససేమిరా అన్నాడు. దానికి అలిగి, అమ్మ పోయాక ఈ గుమ్మం తొక్కలేదు. నిన్న ఓడ దిగి వచ్చాడు. ఇవాళ మా నాన్న లేడు. ఇంకేం కావాలి మీకు?"

కొడుకు తల దించుకున్నాడు. 

* * *

స్టేషన్‌లో అతని ముందు టీ గ్లాసు పెట్టించింది ఇన్‌స్పెక్టర్. అతను ముట్టుకోలేదు.

"ఏం పని మీది?"

"సరుకు ఓడ. ఇంజన్ రూమ్‌లో మెకానిక్."

"నిన్న గొడవ పడ్డారా?"

"లేదు మేడమ్. బానే ఉన్నాం. ఎప్పుడూ లేనంత బాగున్నాం." అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "రేడియో పెట్టమన్నాడు. చెవుడు కదా, ఫుల్ సౌండ్. పాటకీ పాటకీ మధ్య దగ్గు. దగ్గు తెర వస్తే మనిషి మెలికలు తిరిగిపోతున్నాడు. పడుకుంటే ఎక్కువవుతుందని కుర్చీలోనే ఉంటానన్నాడు. దుప్పటి కప్పి, తలుపేసి, కింద హాల్లో పడుకున్నాను."

"గుడ్డ ఎప్పుడు పెట్టారు?"

"పడుకోబోయే ముందు."

"పొయ్యి మండుతోందా?"

"ఆఁ. బాగా."

"మూత చేత్తో తీశారా?"

"ఆఁ... చేత్తోనే."

"ఇంజన్ల మధ్య బతికే మనిషి మండే పొయ్యికి పొగగొట్టం మూస్తాడా?"



"తప్పయిపోయింది. నిర్లక్ష్యమని రాయండి. ఇంకేదైనా రాయాలంటే రాయండి. ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

ఇన్‌స్పెక్టర్ సర్వీసులో చాలామంది ముద్దాయిల్ని చూసింది. నీళ్ళు నమిలేవాళ్ళు, బుకాయించేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు. సంతకానికి ఇంత ఆత్రపడ్డవాణ్ణి చూడలేదు. ఆమె అతని చేతుల వంక చూసింది. గరుకు చేతులు. పాత మచ్చలున్నాయి. కొత్త బొబ్బ ఒక్కటీ లేదు.

"టీ తాగండి," అని లేచింది.

* * *

మాస్టారి గదికీ పక్కింటావిడ గదికీ మధ్య సన్నటి సందు. కిటికీలు ఎదురెదురు. వీధిలో అందరూ ఆవిణ్ణి పిన్నిగారు అంటారు. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి.

"మాస్టారి దగ్గే నాకు గడియారం అమ్మా. చలికాలం వచ్చిందంటే చాలు. పాత కిటికీలు కదా, మూసినా తెరిచినా ఒకటే. ఆయన దగ్గితే నేనిక్కణ్ణుంచి 'మందు వేసుకున్నారా' అని అరిచేదాన్ని. 'వేసుకున్నానమ్మా, పడుకో' అని అక్కణ్ణుంచి ఆయన."

"నిన్న రాత్రి అరుపులూ కేకలూ ఏమైనా వినబడ్డాయా?"

"లేదు."

"రేడియో?"

"రేడియోనా? లేదే."

"దగ్గు?"

పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్కసారి కూడా వినబడలేదమ్మా. వాళ్ళ గదిలో దీపం కనబడుతూనే ఉంది. హమ్మయ్య, ఆసుపత్రిలో బాగా నయం చేసి పంపారు, హాయిగా నిద్రపోతున్నాడు అనుకున్నాను. దణ్ణం పెట్టుకుని మరీ పడుకున్నాను. ఒక్కసారి కేకేసి అడిగి ఉంటే?"

ఇన్‌స్పెక్టర్ ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది.

బయటికి రాగానే బాబాయ్ అందుకున్నాడు. "ఇంకేముందమ్మా, దొరికిపోయాడు. రేడియో లేదు, దగ్గు లేదు. సాయంత్రానికే పని అయిపోయింది. మనకి కథ చెప్పాడు."

"డాక్టర్ తెల్లవారుజామున అంటున్నాడు."

"అయితే పిన్నిగారికి చెవుడేమో."

"ఇందాక మనం మెట్లెక్కుతుంటేనే తలుపు తీసింది బాబాయ్. పాము చెవులు ఆవిడవి."

"మరెవరు అబద్ధమాడుతున్నట్టు?"

"రేడియో సంగతిలో ఎవరూ ఆడకపోతే?"

బాబాయ్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

* * *

మధ్యాహ్నానికి పోస్ట్‌మార్టం కబురు వచ్చింది. డాక్టర్ అన్నదే. తువ్వాలుని ల్యాబ్ వాళ్ళు పరీక్షించి కవర్లో పెట్టి పంపారు. ఇన్‌స్పెక్టర్ దాన్ని కాగితం మీద పరిచి, దోపినప్పుడున్న ముడతల ప్రకారం మళ్ళీ ఉండగా చుట్టింది. తిప్పి చూసింది. బోర్లించి చూసింది. తర్వాత ఫైర్ సర్వీస్ ఆఫీసుకి ఫోన్ చేసి, గాలి కొలిచే మీటరూ అది వాడే ఆఫీసరూ కావాలంది.

మాస్టారి గదిలోకి మళ్ళీ వెళ్ళారు. కిటికీ ఇంకా తెరిచే ఉంది. వీధిలో ఎవరో సైకిల్ బెల్ కొట్టారు. రెండిళ్ళ అవతల వడ్రంగి సుత్తి టకటకలాడుతోంది. సందులో పిన్నిగారింట్లో గిన్నె కిందపడింది.

ఇన్‌స్పెక్టర్ కిటికీ రెక్కలు రెండూ మూసి గడియ పెట్టింది.

చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి.

బాబాయ్ చెవిలో వేలు పెట్టి ఆడించుకున్నాడు. "నా చెవులకేదో అయిందమ్మా."

"చెవులకేం కాలేదు."

ఆమె కిటికీని దగ్గర్నుంచి చూసింది. చూపుకి నిండా పాత కిటికీయే. అదే చెక్క, అవే గళ్ళు, అదే ఆకుపచ్చ రంగు. కానీ రంగు ఇంకా కొత్తగా మెరుస్తోంది. అద్దం ఒక పొర కాదు, రెండు. రెక్క చట్రానికి ఆనేచోట గాడిలోకి గోరు పోనిచ్చి లాగింది. మెత్తటి రబ్బరు పట్టీ అంగుళం మేర ఊడివచ్చింది. నాలుగువైపులా ఉంది. చెక్క రంగే వేశారు దానికీ. తలుపు వైపు వెళ్ళింది. తలుపు కిందా అదే పట్టీ.

ఫైర్ ఆఫీసరు పొయ్యి వెలిగించాడు. పొగగొట్టంలో ఇప్పుడు గుడ్డ లేదు, ఏ అడ్డూ లేదు. బొగ్గు రాజుకున్నాక తలుపు వేసి అందరూ బయట నిలబడ్డారు. మీటర్ లోపల ఉంది.

మొదట ఏమీ కాలేదు. బాబాయ్ ఆవులించాడు. ఆఫీసరు చలికి అరచేతులు రుద్దుకుంటూ తన పిల్లల చదువుల గురించి ఏదో చెప్తున్నాడు.

లోపల మీటర్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది.

* * *

వడ్రంగి కిటికీ చట్రానికి చిత్రిక పడుతున్నాడు. పోలీసుల్ని చూసి చేతిలో పని పక్కన పెట్టాడు. మాస్టారి సంగతి వినే ఉన్నాడు.

"ఆ కిటికీలు నేనే చేశాను మేడమ్. పాత చట్రాలు అడుగునంతా పుచ్చిపోయాయి. పర్మిషన్‌తోనే చేశాం. ఆఫీసు వాళ్ళు వచ్చి టేపు పెట్టి కొలుచుకుని, బాగుందని వెళ్ళారు."

"రబ్బరు పట్టీ పర్మిషన్‌లో ఉందా?"

అతను నేల చూపులు చూశాడు.

"లేదు. వాళ్ళు వెళ్ళాక పెట్టాను. అమ్మాయిగారు అడిగారు. 'నాన్నకి చలి అస్సలు పడదు, ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గదిలో వీసమంత గాలి దూరకూడదు' అన్నారు. డబుల్ అద్దం కూడా ఆవిడ చెప్పిందే. మాస్టారికి తెలిస్తే ఒప్పుకోరని, రిపేరు చేయించామని చెప్దామన్నారు. ఏం మేడమ్, దానికేమైంది?"

ఇన్‌స్పెక్టర్ చెప్పింది. పాత కిటికీకి సందులుండేవి. ఆ సందుల్లోంచి చలి వచ్చేది, గాలీ వచ్చేది. పొయ్యి ఆ గాలితోనే మండేది, ఆ గాలి ఊపుతోనే పొగ గొట్టంలోంచి పైకి పోయేది. సందులన్నీ మూసేస్తే నిప్పుకి ఊపిరాడదు. విషం గదిలోకే తిరిగొస్తుంది.

వడ్రంగి కింద ఉన్న చెక్కపొట్టు మీదే కూలబడ్డాడు.

"ఎన్నిళ్ళకి పెట్టారు ఇలా?"

"మాస్టారింటి తర్వాత రెండిళ్ళకి. ఇది మూడోది. నాకు తెలిసి అంతే. కానీ అది చూసి చాలామంది అడిగి వెళ్ళారు మేడమ్. ఆ పట్టీ బజార్లో దొరుకుతుంది. ఎవరికి వాళ్ళే కొని అతికించుకుని ఉంటే నాకేం తెలుసు?"

"ఆ ఇళ్ళల్లో పొయ్యిలున్నాయా?"

"ఈ వీధిలో పొయ్యి లేని ఇల్లెక్కడుంది మేడమ్? చలి నిన్ననే కదా మొదలైంది. ఇవాళ్టి నుంచి అందరూ వెలిగిస్తారు."

ఆమె బాబాయ్‌ని అప్పటికప్పుడు ఇంటింటికీ పంపింది. బాబాయ్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"వడ్రంగి చెప్పిన ఇళ్ళవాళ్ళు కూడా లేనే లేవంటున్నారమ్మా. రూలు తప్పారని జరిమానా వేయడానికి వచ్చామనుకుంటున్నారు. ఒకాయనైతే లోపలికే రానివ్వలేదు. 'మాస్టారిని కొడుకు చంపాడటగా, మా కిటికీలతో మీకేం పని' అన్నాడు."

* * *

సెల్ తాళం తీసి, ఇన్‌స్పెక్టర్ కొడుకు పక్కన బెంచీ మీద కూర్చుంది. గుడ్డ ఉన్న కవరు ఒళ్ళో పెట్టుకుంది.

"దీని పక్కలకి మసి ఉంది. దోపేటప్పుడు గొట్టం గోడకి రాసుకుని అంటింది. కింది భాగం చూడండి. మంటకి ఎదురుగా ఉండే భాగం. నీలం గళ్ళు ఉతికి ఆరేసినట్టు శుభ్రంగా ఉన్నాయి. రాత్రంతా దీని కింద బొగ్గు మండి ఉంటే ఇది బొగ్గయి ఉండేది. మండే పొయ్యి మూత చేత్తో తీశానన్నారు. మీ వేళ్ళకి వేడి కూడా తగల్లేదు. పొయ్యి చల్లారాక పెట్టారు. ఆయన పోయాక పెట్టారు. పెట్టారంటే, అసలు సంగతి మీకు పొద్దున్నే తెలిసిపోయింది."



"తలుపు తీయగానే తల దిమ్మెక్కింది. కిటికీ తెరవబోతే రెక్క అతుక్కుపోయి ఉంది. బలంగా లాగితే ఊడొచ్చింది. రబ్బరు కనబడింది. ఇంజన్ రూమ్‌లో మాకు మొట్టమొదట నేర్పేదే అది మేడమ్, మూసిన గదిలో నిప్పు పెట్టకూడదని. రాత్రి ఆ కిటికీ వైపు ఒక్కసారి తేరిపార చూసుంటే నాన్న బతికేవాడు. చిట్టి ఫోన్‌లో చెప్పింది కూడా, 'గది వెచ్చగా ఉండేలా చేయించాను, నాన్నకి చెప్పకు' అని. ఎంత సంతోషంగా చెప్పిందో."

"అందుకని గుడ్డ పెట్టారు."

"నాన్న పక్కన కాసేపు కూచున్నాను. అది డ్యూటీ నుంచి వస్తుంది. వచ్చి అడుగుతుంది, ఎలా పోయాడని. ఏం చెప్పను?"

"ఆవిడ మిమ్మల్ని హంతకుడంటోంది."

"అననివ్వండి. నా మీద కోపంతో అది బతికేస్తుంది. దాని మీద దానికే కోపం వస్తే బతకదు. నాన్నని కంటికి రెప్పలా చూసుకుంది మేడమ్. నేను సముద్రాల మీద తిరుగుతుంటే అన్నీ అదే చేసింది." అతను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "మీకు దణ్ణం పెడతాను. నన్ను రాసుకోండి. ఎవరికీ నష్టం లేదు."

 ఒప్పుకుందామనే అనిపించింది ఆమెకి ఒక క్షణం.

"అదే వీధిలో ఇంకో రెండిళ్ళకి అవే పట్టీలు. ఇంకెన్నింటికో తెలీదు. మీరే చంపారని అందరూ నమ్ముతున్నారు కాబట్టి మా మాట ఎవరూ వినడం లేదు. ఇవాళ చలి నిన్నటికంటే ఎక్కువ."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ భుజాలు అదరడం చూసి ఇన్‌స్పెక్టర్ లేచి కారిడార్‌లోకి వెళ్ళి నిలబడింది.

* * *

పొద్దు వాలుతుండగా మాస్టారింటి హాల్లో అందరూ చేరారు. కూతురు కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇంకా యూనిఫారంలోనే ఉంది. పిన్నిగారు పక్కన. వడ్రంగి గోడకి ఆనుకుని. కొడుకుని తీసుకొస్తే కూతురు ముఖం తిప్పుకుంది.

"బేడీలు లేవేం?" అంది.

"అవసరం లేదమ్మా," అంది ఇన్‌స్పెక్టర్.

ఆమె నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. గుడ్డ సంగతి ముందు చెప్పింది. కింది భాగం కాలలేదని, మీ నాన్నగారు పోయాకే అది గొట్టంలోకి వెళ్ళిందని.

"అయితే నాన్న ఎలా పోయినట్టు?"

"రాత్రి మీ అన్నయ్యా మీ నాన్నగారూ రేడియో పెట్టుకున్నారు. మీ నాన్నగారు దగ్గుతూనే ఉన్నారు. సందు అవతల ఉన్న పిన్నిగారికి ఒక్క చప్పుడూ వినబడలేదు. ఇద్దరి మాటా నిజమే."

"అదెలా కుదురుతుంది? ఈవిడకి నాన్న నిట్టూర్చినా వినబడుతుంది. ఆ కిటికీ..."

ఆమె ఆగిపోయింది.

 ఇన్‌స్పెక్టర్ ఎంతమంది ముందు ఎన్నిసార్లు చివరి మాట తనే చెప్పిందో. ఇవాళ నోరు రాలేదు.

కూతురు వడ్రంగి వైపు చూసింది. అతను ఏడుస్తున్నాడు. అన్న వైపు చూసింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"గాలి," అంది ఆమె. "పొయ్యికి గాలి లేదు."

"చిట్టీ, నీకు తెలీదు కదమ్మా. ఎవరికీ తెలీదు. కిటికీ చేసిన మనిషికే తట్టలేదు."

"నేను పెట్టించాను."

"చలేస్తుందని పెట్టించావు."

"నిన్న ఆసుపత్రి నుంచి రాగానే నాన్న ఏమన్నాడో తెలుసా?" ఆమె ఎవరితోనో చెప్తున్నట్టు చెప్పింది. "'గది ఎంత వెచ్చగా ఉందే తల్లీ' అన్నాడు."

పిన్నిగారు ఆమె తల దగ్గరికి తీసుకోబోయింది. ఆమె కదల్లేదు. కొయ్యబారిపోయింది. కొడుకు ఇన్‌స్పెక్టర్ వైపు చూసిన చూపులో కోపం ఉంది, నిస్సహాయత ఉంది. 

"నన్ను అరెస్టు చేయరా?" అంది కూతురు చివరికి.

"దేనికమ్మా? ప్రమాదం అని రిపోర్టు రాస్తాను."

"మరి ఈ గుడ్డ?"

"మీ అన్నయ్య పోలీసుల్ని తప్పుదారి పట్టించాడని కూడా రాయాలి. ఎందుకు పట్టించాడో కూడా రాస్తాను. మిగతాది కోర్టు చూసుకుంటుంది."

కూతురు లేచి అన్న ముందుకి వచ్చింది. అతని చేతులు పట్టుకుని, తిప్పి, అరచేతుల్ని చూసింది. వాటి మీద నుదురు ఆనించింది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపుకి బాబాయ్ వీధి గుమ్మంలోకి వెళ్ళిపోయాడు.

ఏడుపు ఆగాక ఇన్‌స్పెక్టర్ మిగతాది చెప్పింది. తప్పని పరిస్థితి కాబట్టి చెప్పింది. పట్టీలున్న ఇళ్ళ గురించి. తలుపు తీయని మనుషుల గురించి.

కూతురు ముఖం తుడుచుకుంది. బయట ఒకటీ అరా ఇళ్ళ మీద అప్పుడే పొగ లేస్తోంది.

"మీ మాట వినరు మేడమ్," అంది. "నా మాట వింటారు."

"నువ్వుండు, నేను వెళ్తాను," అన్నాడు కొడుకు.

"నిన్నెవరు రానిస్తారన్నయ్యా? నువ్వు హంతకుడివని పొద్దున వీధిలో అందరికీ చెప్పింది నేనే కదా. నాతో రా. నీ గురించి కూడా చెప్పాలి."

మొదటి ఇంటి తలుపు తీసింది ఒక కుర్రజంట. భార్య చంకలో పసిపాప. మాస్టారి కూతుర్ని చూసి, వెనకాల నిలబడ్డ కొడుకుని చూసి, ఇద్దరూ ఒకడుగు వెనక్కి వేశారు.

"మా నాన్న పోయాడు," అంది కూతురు.  కొడుకు అందుకోబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నేనే చెప్తాను. మా అన్నయ్య ఏమీ చేయలేదు. మా నాన్నకి చలేస్తుందని నేను కిటికీలకి పట్టీలు పెట్టించాను. పొయ్యి వెలిగించాం. గదిలోకి గాలి రాలేదు. నిద్రలోనే పోయాడు. మీకూ అవే పట్టీలున్నాయి. జరిమానా సంగతి మేడమ్ చూసుకుంటారు. నిప్పు ఆర్పేసి కిటికీ తెరవండి. పాపతో రాత్రికి మా ఇంట్లో పడుకున్నా ఫర్వాలేదు."

 భర్త లోపలికి పరుగెత్తాడు. కిటికీ రెక్క ఊడివచ్చిన చప్పుడు వీధిలోకి వినబడింది.

రెండో ఇంట్లో ఆమె మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. మధ్యాహ్నం బాబాయ్‌ని లోపలికి రానివ్వనాయన ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. మూడో ఇల్లు వడ్రంగి చెప్పింది కాదు. అక్కడా ఉన్నాయి పట్టీలు. సొంతంగా అతికించుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగి నాలుగో ఇంటి ముందుకి వచ్చింది. ఆ ఇంటి కిటికీలు ఎప్పటివో. రంగు పెచ్చులూడి, రెక్కల మధ్య వేలు పట్టేంత సందులున్నాయి.

"ఇక్కడ అక్కర్లేదమ్మా," అంది మెల్లగా. "వీళ్ళవి పాతవే. ఇక ఇంటికెళ్ళి పడుకో."

"రేపు మార్పించుకుంటారేమో," అంది కూతురు.

తలుపు తట్టింది.